షిమాడా మావో మిలాన్ ఒలింపిక్స్‌కి ఎందుకు వెళ్లలేదు? జపాన్ టీనేజ్ స్కేటర్ కెరీర్ వెనక లెక్కలు

ప్రశ్న ఇది: "2023, 2024, 2025లో వరుసగా మూడుసార్లు ప్రపంచ జూనియర్ ఛాంపియన్ అయిన షిమాడా మావో 2026 ఒలింపిక్స్ జట్టులో ఎందుకు లేదు? గాయమా, ఫామ్ పోయిందా, సెలక్షన్ రాజకీయమా? అసలు జపాన్‌లో స్కేటర్ కెరీర్ ఏ మెట్ల మీదుగా నడుస్తుంది? ఈ అమ్మాయి ముందు ముందు నిలబడుతుందా?"

మొదటిదానికి జవాబు చిన్నది. అడ్డొచ్చింది పుట్టినతేదీ. ఆమె పుట్టింది 2008 అక్టోబరు 30న. ఫిగర్ స్కేటింగ్ సీజన్ జులై 1న మొదలవుతుంది, వయసు లెక్క కూడా ఆ తేదీకే కడతారు. 2025 జులై 1కి ముందే 17 నిండినవాళ్లు మాత్రమే 2025-26లో సీనియర్ అంతర్జాతీయ పోటీల్లో దిగొచ్చు. షిమాడాకి అప్పటికి 16 ఏళ్ల 8 నెలలు. నాలుగు నెలల తేడాతో మిలాన్ చేజారింది.

ఈ 17 ఏళ్ల హద్దు కొత్తగా వచ్చింది. అంతకుముందు 15 ఉండేది. పెంచాలన్న చర్చ ఎప్పటినుంచో ఉన్నా, 2022 ఫిబ్రవరిలో బీజింగ్ ఒలింపిక్స్‌లో 15 ఏళ్ల రష్యా స్కేటర్ కమిలా వలియెవా డోపింగ్ వ్యవహారం బయటపడ్డాక ఇక ఆగలేదు. ఆ జూన్‌లో ఫుకెట్‌లో జరిగిన అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ (ఐఎస్‌యూ) మహాసభ వయసును 2023-24కి 16, 2024-25 నుంచి 17 చేసింది. అప్పటికి షిమాడాకి 13 ఏళ్లు. పాత రూలే ఉండుంటే 2024-25లోనే సీనియర్ అయిపోయేది.

దీన్ని నకాయి అమీతో పోల్చి చూడండి. 2023లో కాల్గరీ ప్రపంచ జూనియర్స్‌లో షిమాడా స్వర్ణం, కొరియా అమ్మాయి షిన్ జియా రజతం, నకాయి కాంస్యం. నకాయి పుట్టింది 2008 ఏప్రిల్ 27న, అంటే షిమాడా కన్నా ఆరు నెలలే పెద్ద. కానీ ఆ ఆరు నెలల మధ్యలో జులై 1 పడింది. నకాయి 2025-26లో సీనియర్ అయింది, తొలి సీజన్‌లోనే ఫ్రాన్స్ గ్రాండ్ ప్రీ (సీనియర్ల అంతర్జాతీయ పోటీల వరుసలో ఒకటి) గెలిచింది, మిలాన్‌లో కాంస్యం తెచ్చుకుంది. షిమాడా మాత్రం 2025 డిసెంబరులో జపాన్ జాతీయ ఛాంపియన్‌షిప్‌లో నకాయి కన్నా పైన, రెండో స్థానంలో నిలిచి కూడా ఇంట్లోనే ఉండిపోయింది.

ఇంకో చిత్రం. షిమాడాకి మావో అన్న పేరు పెట్టింది జపాన్ స్కేటర్ అసాడా మావో మీద అభిమానంతోనే. ఆ అసాడాకీ సరిగ్గా ఇదే జరిగింది. 1990 సెప్టెంబరు 25న పుట్టిన అసాడా 2005 డిసెంబరులో టోక్యోలో రష్యా స్కేటర్ ఇరీనా స్లుత్‌స్కాయాని ఓడించి సీనియర్ గ్రాండ్ ప్రీ ఫైనల్ గెలిచింది. రెండు నెలల తర్వాత వచ్చిన ట్యూరిన్ ఒలింపిక్స్‌కి మాత్రం 87 రోజుల తేడాతో అర్హత లేకపోయింది. అప్పట్లో గ్రాండ్ ప్రీకి ఒక వయసు, ఒలింపిక్స్‌కి ఇంకో వయసు. ట్యూరిన్‌లో మరో జపాన్ స్కేటర్ అరకావా షిజుకా స్వర్ణం గెలిచింది. అసాడాకి 2010 వాంకూవర్‌లో మూడు ట్రిపుల్ ఆక్సెల్స్ (గాల్లో మూడున్నర చుట్లు తిరిగే జంప్) వేసినా రజతమే దక్కింది.

ఇక కెరీర్ మెట్ల సంగతి. జపాన్‌లో పిల్లలు దగ్గర్లోని రింక్ క్లబ్‌లో మొదలుపెడతారు. జపాన్ స్కేటింగ్ సమాఖ్య పెట్టే బ్యాడ్జ్ టెస్టులుంటాయి: ప్రారంభ స్థాయి, దాని మీద 1 నుంచి 8 దాకా. ఎడ్జ్ పని (బ్లేడ్ లోపలి, బయటి అంచుల మీద జారే నేర్పు), జంపులు, ప్రోగ్రాం అన్నీ పరీక్షిస్తారు. పై బ్యాడ్జీలు లేనిదే జూనియర్, సీనియర్ జాతీయ పోటీల దారిలోకే రానివ్వరు. జూనియర్‌కి కింది వర్గం నోవిస్: 9, 10 ఏళ్లవాళ్లు నోవిస్ బి, 11, 12 ఏళ్లవాళ్లు నోవిస్ ఎ, 13 నుంచి జూనియర్. దేశాన్ని ఆరు బ్లాకులుగా విడదీశారు. సెప్టెంబరు, అక్టోబరుల్లో బ్లాక్ పోటీలు, తర్వాత తూర్పు జపాన్, పశ్చిమ జపాన్ పోటీలు, వాటిలో నెగ్గుకొచ్చినవాళ్లకి జాతీయ పోటీ. నోవిస్ జాతీయ పోటీ అక్టోబరులో, జూనియర్‌ది నవంబరులో, సీనియర్‌ది డిసెంబరు చివర్లో జరుగుతాయి.

ఈ మూడింటి క్రమమే జపాన్ పద్ధతికి ఆయువుపట్టు. నోవిస్‌లో ముందున్నవాళ్లని జూనియర్ జాతీయ పోటీకి పిలుస్తారు, జూనియర్‌లో ముందున్నవాళ్లని సీనియర్ జాతీయ పోటీకి పిలుస్తారు. 2021 నవంబరులో షిమాడా వయసు లెక్క ప్రకారం ఇంకా నోవిస్సే. ఆ పిలుపుతో వెళ్లి జూనియర్ జాతీయ టైటిలే కొట్టింది. మరుసటి ఏడాది డిసెంబరులో, 14 ఏళ్లకి, సీనియర్ జాతీయ పోటీలో సకమోతో కవోరి, మిహారా మాయి తర్వాత మూడో స్థానం. 2023లో మళ్లీ మూడు, 2024లో రెండు. అంతర్జాతీయంగా జూనియర్ బోర్డు మెడలో వేసుకుని తిరుగుతున్నా, ఇంట్లో ఏటా ప్రపంచ ఛాంపియన్ సకమోతో పక్కనే దిగి మార్కులు వేయించుకుంటోంది. అందుకే "జూనియర్స్‌లో పోటీ తక్కువ, అందుకే గెలుస్తోంది" అనే మాట ఆమె విషయంలో నిలవదు. డిసెంబరు ఫలితాలు పక్కన పెట్టుకుని మాట్లాడాలి.

వీటికి తోడు నోబెయామా శిబిరం ఉంది. 1992 అల్బర్ట్‌విల్ ఒలింపిక్స్‌లో ఇతో మిదోరి రజతం గెలిచాక సమాఖ్య నాగానో కొండల్లో ఏటా వేసవిలో ప్రతిభ వెతికే శిబిరం మొదలుపెట్టింది. నోవిస్ వయసు పిల్లల్ని దేశం నలుమూలల నుంచి రప్పించి ఐస్ మీద, బయట, సంగీతంతో, పరుగుతో పరీక్షిస్తారు. అరకావా, అసాడా, హన్యూ యుజురు అందరూ అక్కడ తేలినవాళ్లే. పేరు మోసిన కోచ్ లేని ఊరి పిల్లాడు కూడా పన్నెండేళ్లకే సమాఖ్య కంట్లో పడతాడు. మిగతా దేశాలు అసూయపడాల్సింది ఈ శిబిరాన్ని చూసి. జంప్ టెక్నిక్‌దేముంది, ఎక్కడైనా నేర్పుతారు.

కొరత మాత్రం ఐస్‌కే. ఏడాది పొడవునా తెరిచి ఉండే పూర్తి సైజు రింకులు, అంటే 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పువి, జపాన్‌లో కూడా స్కేటర్ల సంఖ్యకి చాలవు. పగలు సాధారణ జనం తిరిగే సెషన్‌లో ట్రిపుల్ జంప్ వేయడం కుదరదు, ప్రమాదం కూడా. కాబట్టి క్లబ్బులు తెల్లవారుజామునో, రాత్రి రింక్ మూసేశాకో మొత్తం ఐస్‌ని అద్దెకి తీసుకుంటాయి. బడి పిల్లలకి నిద్ర చాలకుండా పోయేది ఇక్కడే. సెండాయ్‌లో హన్యూ నేర్చుకున్న రింక్ 2004లో డబ్బుల్లేక మూతపడి 2007లో గానీ తెరుచుకోలేదు. 2011 భూకంపంలో మళ్లీ దెబ్బతింటే ఆయన ఊరూరా ఐస్ షోల్లో పాల్గొంటూ అక్కడి ఐస్ మీదే ప్రాక్టీసు చేసుకున్నాడు. షిమాడా సాధన చేసే కినోషితా అకాడమీ వేరే రకం. క్యోటో పక్కన ఉజిలో 2019 చివర్లో తెరిచిన రింక్‌ని ఆధారం చేసుకుని 2020లో ఒక కంపెనీ గ్రూపు అండతో మొదలైంది. మియాహరా సతోకో, కిహిరా రికాలని తీర్చిదిద్దిన హమడా మియే అక్కడ ప్రధాన కోచ్. ఐస్, కోచ్, జిమ్, బ్యాలే ఒకేచోట ఉంటే పిల్లకి రోజుకి రెండు గంటల ప్రయాణ సమయం మిగులుతుంది. అది నేరుగా నిద్రలోకి, కోలుకోవడంలోకి వెళ్తుంది.

ఇప్పుడు అసలు విషయం. చాలామంది "ట్రిపుల్ ఆక్సెల్, క్వాడ్ (నాలుగు చుట్ల జంప్) ఉంటే గెలుస్తుంది" అనుకుంటారు. మార్కుల కాగితం తీసి లెక్క కడితే బొమ్మ వేరుగా ఉంటుంది. కింద చెప్పేవి 2025-26 దాకా వాడిన విలువలు. ఒలింపిక్స్ అయ్యాక రూల్స్ సవరిస్తుంటారు, కాబట్టి ఆ సీజన్ పట్టిక ఒకసారి సరిచూసుకోండి.

ట్రిపుల్ ఆక్సెల్ మూల విలువ 8.00. డబుల్ ఆక్సెల్ 3.30. జడ్జీలు నాణ్యతకి మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా ఇస్తారు, ఒక్కో మెట్టుకి మూల విలువలో 10 శాతం. శుభ్రంగా వేసి ప్లస్ 2 తెచ్చుకున్న ట్రిపుల్ ఆక్సెల్‌కి 9.60. చుట్లన్నీ పూర్తిగా తిరిగి, దిగేటప్పుడు పడిపోతే 8.00లో సగం పోయి 4.00, దానిలోంచి పడినందుకు ఇంకో 1 తీసేస్తే 3.00. ఇక తిరగడం తక్కువైతే మూడు రకాల గుర్తులు. సరిగ్గా పావు చుట్టు తక్కువైతే ‘క్యూ’ గుర్తు: మూల విలువ అలాగే ఉంటుంది, నాణ్యత మార్కు తగ్గుతుంది. పావు దాటి సగం లోపు అయితే ఒక బాణం గుర్తు, 80 శాతమే ఇస్తారు, అంటే 6.40. లోటు సగం చుట్టు గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే రెండు బాణాలు, దాన్ని డబుల్ కింద లెక్కేస్తారు. రెండు బాణాలు పడి, పైగా ఐస్ మీద కూడా పడితే చివరికి మిగిలేది 0.65.

అదే చోట డబుల్ ఆక్సెల్ వేసి ప్లస్ 3 తెచ్చుకుంటే 4.29 నికరం. కాబట్టి ట్రిపుల్ ఆక్సెల్ తప్పినప్పుడల్లా పూర్తిగా తిరిగి పడే స్కేటర్‌కి ఐదింట ఒకటి నిలబడినా గిట్టుబాటే. తప్పినప్పుడల్లా తిరగకుండా పడేవాళ్లకి మాత్రం పదింట నాలుగు నిలబడాలి. క్వాడ్ టో లూప్ (టో లూప్, లూప్, లట్జ్, సాల్కో, ఫ్లిప్ అన్నీ జంప్ రకాలు) మూల విలువ 9.50. దానికి బదులు 4.90 ఉన్న ట్రిపుల్ లూప్ పెట్టొచ్చు అనుకుంటే, తిరగకుండా పడే స్కేటర్‌కి గిట్టుబాటు హద్దు దాదాపు సగానికి చేరుతుంది. అందుకే మంచి కోచ్ ప్రాక్టీసులో ఎన్ని నిలబడ్డాయన్నది ఒక్కటే రాసుకోడు. తప్పినవి ఎలా తప్పాయో కూడా రాసుకుంటాడు. పూర్తిగా తిరిగి పడే క్వాడ్‌ని పోటీలో పెట్టొచ్చు. తిరగని క్వాడ్ అప్పుడప్పుడు నిలబడినట్టు కనిపించినా పెట్టకూడదు, స్లో మోషన్‌లో చూసే సాంకేతిక ప్యానెల్ పట్టేస్తుంది.

పడితే ఇంకో నష్టం కూడా ఉంది, అది పట్టికలో కనిపించదు. పొడుగు ప్రదర్శన అయిన ఫ్రీ స్కేట్‌లో, రెండో సగంలో వేసిన చివరి మూడు జంపులకి మూల విలువ 10 శాతం పెరుగుతుంది, చిన్న ప్రదర్శన అయిన షార్ట్ ప్రోగ్రాంలో చివరి ఒక్క జంప్‌కి. ట్రిపుల్ లట్జ్, ట్రిపుల్ టో లూప్ జోడీ 5.90, 4.20 కలిసి 10.10. అదే చివర్లో వేస్తే 11.11. మొదటి నిమిషంలో క్వాడ్ పడి లేచిన కాళ్లతో ఆ జోడీ వెనక సగంలో నిలబడాలి. రెండో జంప్ ట్రిపుల్ కాస్తా డబుల్ అయితే, క్వాడ్ మీద పోయిన మార్కుల పక్కన ఇదీ పోతుంది.

రెండో భాగం కాంపోనెంట్స్, అంటే ప్రదర్శన మొత్తం మీద జడ్జీలు వేసే మార్కులు. 2022-23 నుంచి మూడే: కంపోజిషన్, ప్రెజెంటేషన్, స్కేటింగ్ స్కిల్స్. ఒక్కోటి పదికి. మహిళల షార్ట్‌లో ఆ మొత్తాన్ని 1.33తో, ఫ్రీలో 2.67తో గుణిస్తారు. సగటు 8.0 ఉన్న అమ్మాయికి షార్ట్‌లో 31.92, ఫ్రీలో 64.08. సగటు 9.0 ఉంటే 35.91, 72.09. రెండూ కలిపితే తేడా సరిగ్గా 12 మార్కులు. ట్రిపుల్ ఆక్సెల్ శుభ్రంగా వేస్తే డబుల్ మీద దొరికేది ఐదు చిల్లర. సకమోతో కవోరి 2022, 2023, 2024లో వరుసగా మూడు ప్రపంచ టైటిళ్లు ట్రిపుల్ ఆక్సెల్ లేకుండా, క్వాడ్ లేకుండా గెలిచింది ఈ లెక్కతోనే. ఆమె డబుల్ ఆక్సెల్ చూడండి: ఐస్ మీద ఎంత దూరం ఎగిరి దిగుతుందో, దిగాక వేగం ఎంత మిగులుతుందో. ఆ వేగమే జంప్ నాణ్యతకీ పనికొస్తుంది, స్కేటింగ్ స్కిల్స్‌కీ పనికొస్తుంది. ఒకే పని రెండు ఖాతాల్లో జమ అవుతుంది.

కాల్గరీలో షిమాడా మొత్తం 224.54. పద్నాలుగేళ్ల పిల్లకి అది భారీ స్కోరు, అందులో పెద్ద వాటా సాంకేతిక మార్కులదే. జూనియర్ పోటీల్లో జడ్జీలు కాంపోనెంట్స్ పొదుపుగా ఇస్తారు. కాబట్టి 13 నుంచి 17 దాకా ఆమెకి బలవంతంగా దొరికిన ఈ కాలంలో కొత్త క్వాడ్ కన్నా ఎడ్జ్, వేగం, పై శరీరం మీద పెట్టిన పనికే ఎక్కువ ఫలం వస్తుందన్నది నా అభిప్రాయం. దీనికి శరీరం వైపు నుంచి కూడా కారణం ఉంది.

ట్రిపుల్ ఆక్సెల్ అంటే మూడున్నర చుట్లు. అమ్మాయిలు గాల్లో ఉండేది సుమారు 0.6 సెకను. సెకనుకి ఐదు చుట్లకి పైగా తిరగాలి. ఇంతకన్నా ఎక్కువ ఎత్తు ఎగరడం కష్టం కనుక, చిన్న శరీరాన్ని గట్టిగా ముడుచుకుని వేగంగా తిరగడమే దారి. 150 సెంటీమీటర్ల అమ్మాయి అదే నిష్పత్తిలో 160కి పెరిగిందనుకోండి. ఎత్తు పెరిగింది 7 శాతం లోపే, కానీ తిరగడానికి అడ్డుపడే జడత్వ భ్రామకం సుమారు 38 శాతం పెరుగుతుంది. కండబలం అదే నెలల్లో అంత పెరగదు. నిన్నటిదాకా కళ్లు మూసుకుని వేసిన జంప్ ఇవాళ పావు చుట్టు తక్కువగా దిగడం మొదలవుతుంది. పిల్లా, తల్లిదండ్రులూ దీన్ని "మనసు పెట్టట్లేదు" అనుకుని ఇంకా ఎక్కువసార్లు వేయిస్తారు. నష్టం అంతా అక్కడే.

ఎందుకంటే ప్రతి ల్యాండింగ్‌లో శరీర బరువుకి 5 నుంచి 8 రెట్ల బలం ఒకే కాలి మీద పడుతుంది. ఎముక పెరిగే వయసులో, తిండి తగ్గించుకుంటూ, నెలసరి ఆగిపోయిన శరీరంలో ఆ దెబ్బ పదేపదే పడితే ఎముకలో సన్నని పగులు వస్తుంది. పాదం, చీలమండ, కాలి ముందెముక, నడుము, తుంటి దీనికి మామూలు చోట్లు. మియాహరా సతోకో 2017లో తుంటి దగ్గర ఇలాంటి పగులుతో ప్రపంచ పోటీలు వదులుకుంది. కోలుకుని మరుసటి ఏడాది ప్యాంగ్‌చాంగ్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. కిహిరా రికా కథ అంత సుఖంగా ముగియలేదు. 2018 డిసెంబరులో 16 ఏళ్లకి ట్రిపుల్ ఆక్సెల్స్‌తో గ్రాండ్ ప్రీ ఫైనల్ గెలిచింది, 2020 డిసెంబరులో క్వాడ్ సాల్కోతో జాతీయ టైటిల్ నిలబెట్టుకుంది. 2021లో కుడి చీలమండ ఎముక దెబ్బతింది. 2022 బీజింగ్ పోయింది. ఆ జంపులు మళ్లీ పాత స్థాయికి రాలేదు, తర్వాత పెద్ద జంపులు లేని, జంటగా చేసే ఐస్ డాన్స్ వైపు మళ్లింది.

గుర్తుపట్టడం ఎలా అంటే: కండరం నొప్పి ఒక ప్రాంతమంతా పరుచుకుని ఉంటుంది, వేడెక్కితే తగ్గుతుంది. ఎముక పగులు నొప్పి ఒక్క వేలితో నొక్కి చూపించగలిగేంత చోట ఉంటుంది, దూకేకొద్దీ పెరుగుతుంది, ముదిరితే రాత్రి పడుకున్నా ఉంటుంది. మొదటి వారాల్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, ఎమ్మారై తీయాలి. "ఎక్స్‌రే బాగానే ఉంది" అని రింక్ ఎక్కించడంతో మూడు నెలల విశ్రాంతితో పోయేది ఏడాదిన్నర గాయంగా మారుతుంది. ఎదిగే కాలంలో కోచ్ చేయాల్సింది రోజువారీ పెద్ద జంపుల సంఖ్యకి హద్దు పెట్టడం, మిగతా సాధనని నేల మీద గాలి చుట్లకీ, తాడు పట్టిన హార్నెస్‌కీ మార్చడం, వారం వారం ఎత్తు, బరువు రాసుకుంటూ పెరుగుదల జోరు తగ్గేదాకా కొత్త జంప్ మొదలుపెట్టకపోవడం.

ఆక్సెల్‌లో ఎక్కడ తప్పుతుందో టీవీలో కూడా పట్టుకోవచ్చు. ఎడమవైపు తిరిగే స్కేటర్ కుడి కాలి వెనక బయటి ఎడ్జ్ మీద వచ్చి ఎడమ కాలి ముందు బయటి ఎడ్జ్ మీదకి అడుగేస్తుంది. ఆరు జంపుల్లో ముందుకి చూస్తూ లేచేది ఇదొక్కటే. రింక్ ఖాళీ అయ్యాక ఆ చోటుకెళ్లి ఐస్ చూస్తే అన్నీ రాసే ఉంటాయి: సన్నటి వంపు గీత, చివర్లో బ్లేడ్ అడ్డంగా జారిన వెడల్పాటి మరక, దాని కొసన టో పిక్ (బ్లేడ్ ముందున్న పళ్లు) గీరిన చిన్న గాటు. వంపు గీత లోపలికి మరీ ముడుచుకుపోయి ఉంటే శరీరం వృత్తం లోపలికి వాలిందని అర్థం, ఆ జంప్ గాల్లో పక్కకి ఒరుగుతుంది. మరక మరీ పొడుగ్గా ఉంటే లేవకముందే ఎక్కువ తిరిగింది, ఎత్తు పోతుంది. మరక లేకుండా గాటు లోతుగా ఉంటే స్కేటర్ ఎగరాల్సిన చోట పొడుచుకుంది. టీవీలో చూసేవాళ్లు కుడి మోకాలు గమనించండి: అది నేరుగా ముందుకి, పైకి వస్తే మంచి జంప్. భుజం మోకాలి కన్నా ముందే తిరిగిపోతే ఆ జంప్ చాలావరకు పావు చుట్టు తక్కువతో దిగుతుంది.

మన దగ్గర రోలర్ స్కేటింగ్ ఆర్టిస్టిక్ విభాగంలో తిరిగినవాళ్లకి ఈ పేర్లన్నీ కొత్త కాదు. హైదరాబాద్‌కి చెందిన, 2015లో అర్జున అవార్డు పొందిన అనూప్ కుమార్ యామా ఆడే ఆటలోనూ ఆక్సెల్, లట్జ్, సాల్కో అనే పిలుస్తారు. చక్రాల మీద బరువు ఎక్కువ, జారుడు తక్కువ, టో పిక్ బదులు స్టాపర్. అది తెలిసినవాళ్లు ఐస్ మీద ఎడ్జ్ ఎందుకంత ముఖ్యమో తొందరగా పట్టుకుంటారు.

సామాను గురించి క్లుప్తంగా. పెద్ద జంపులు వేసే స్కేటర్‌కి బూటు చీలమండ దగ్గర మెత్తబడటానికి కొన్ని నెలలు చాలు. పాదం పెరుగుతుంటే ఇంకా ముందే మార్చాలి. కొత్త బూటు కాలికి కుదరడానికి రెండు, మూడు వారాలు పడుతుంది, కాబట్టి పోటీకి అంత దగ్గర్లో మార్చకూడదు. బ్లేడ్ బూటు కింద కొన్ని మిల్లీమీటర్లు పక్కకి బిగిస్తే స్కేటర్ లోపలి ఎడ్జ్ మీదకో, బయటి ఎడ్జ్ మీదకో తెలియకుండానే వాలుతుంది. లట్జ్ బయటి ఎడ్జ్ నుంచి లేవాలి, ఫ్లిప్ లోపలి ఎడ్జ్ నుంచి. తప్పు ఎడ్జ్ అయితే మూల విలువ 80 శాతానికి పడిపోతుంది. అలవాటైన లట్జ్ ఉన్నట్టుండి తప్పు ఎడ్జ్ నుంచి లేస్తుంటే కోచ్ ముందు స్క్రూలు చూస్తాడు, తర్వాతే పిల్లని అంటాడు. నాగోయాలోని యమాఇచి హగానె అనే ఉక్కు కంపెనీ, మాజీ స్కేటర్ కొజుకా తకహికోతో కలిసి, ముక్కలు అతికించకుండా ఒకే ఉక్కు దిమ్మ నుంచి చెక్కిన బ్లేడ్లు తయారుచేసింది. దెబ్బలకి వంగకపోవడం వాటి గుణం.

చదువు, డబ్బు కూడా కెరీర్‌లో భాగమే. హైస్కూల్‌లో చాలామంది దూరవిద్యకి మారతారు, కిహిరా చదివింది అలాంటి ఎన్ హైస్కూల్‌లోనే. తర్వాత చుక్యో, కన్సాయ్ లాంటి సొంత రింకులున్న విశ్వవిద్యాలయాలు. సమాఖ్య ఏటా ప్రోత్సాహక స్కేటర్ల జాబితా వేస్తుంది. అందులో ఉంటే శిబిరాలు, విదేశీ పోటీల ప్రయాణం వాళ్లు చూసుకుంటారు. లేకపోతే కోచ్ ఫీజు, ఐస్ అద్దె, కొరియోగ్రఫీ, దుస్తులు, బూట్లు అన్నీ ఇంటి మీదే. పైకొచ్చాక కంపెనీలు తీసుకుంటాయి: సకమోతోకి కోబే కంపెనీ సిస్మెక్స్, ఉనో షోమాకి టొయోటా. అంత పేరు రానివాళ్లు విశ్వవిద్యాలయం నాలుగో ఏడు అవ్వగానే, 22 ఏళ్ల దగ్గర, ఆపేసి ఉద్యోగంలో చేరతారు. ఏటా డిసెంబరు జాతీయ పోటీలో 15, 20వ స్థానాల్లో కన్నీళ్లతో ఐస్‌కి మొక్కి వెళ్లేవాళ్లు చాలావరకు వీళ్లే.

ఇక షిమాడా నిలబడుతుందా అన్న ప్రశ్న. 2026-27లో ఆమె సీనియర్. 2030 ఫ్రెంచ్ ఆల్ప్స్ ఒలింపిక్స్ నాటికి 21 ఏళ్లు, మహిళల్లో ఇప్పుడు అది మంచి వయసే. మిలాన్‌లో స్వర్ణం గెలిచిన అలీసా లియూకి 20, రజతం గెలిచిన సకమోతోకి 25. సకమోతో ఆ సీజన్‌తోనే తప్పుకుంటానని ముందే చెప్పేసింది, అంటే జపాన్‌లో పై కుర్చీ ఖాళీ అవుతోంది. దాని కోసం పోటీలో నకాయి ఉంది, చిబా మోనె ఉంది. జపాన్‌కి ప్రపంచ పోటీల్లో దొరికేది గరిష్ఠంగా మూడు బెర్తులు. అవి కూడా ముందటి ఏడాది దేశం తరఫున దిగినవాళ్లలో ఇద్దరి ఉత్తమ స్థానాల మొత్తం 13 దాటకపోతేనే.

మొదటి సీనియర్ గ్రాండ్ ప్రీ అయ్యాక ఐఎస్‌యూ సైట్‌లో ఆమె మార్కుల కాగితం తెరిచి నాలుగు చూడండి. ట్రిపుల్ ఆక్సెల్ పక్కన బాణం గానీ, క్యూ గానీ ఉందా. రెండో సగంలో వేసిన జోడీ జంప్‌కి నాణ్యత మార్కు మొదటి సగం జంపుల కన్నా బాగా తగ్గిందా. జూనియర్‌లో మూడున్నర నిమిషాలున్న ఫ్రీ స్కేట్ సీనియర్‌లో నాలుగు నిమిషాలు కదా, చివరి స్పిన్‌కి లెవెల్ 4 (అన్నిటికన్నా పై స్థాయి) దొరికిందా లేక కాళ్లు అలిసి 3కి పడిందా. కాంపోనెంట్స్‌లో మూడింటిలో స్కేటింగ్ స్కిల్స్ ఎంత. అది సీజన్ మొదట్లోనే 8.5 దాటితే క్వాడ్ నిలబడని రోజున కూడా ఆమె పోడియం మీద ఉంటుంది. 8 దగ్గరే ఆగితే ప్రతి పోటీలోనూ క్వాడ్ మీద ఆధారపడాల్సి వస్తుంది, అప్పుడు కోచ్ ఆ జంప్‌ని సీజన్‌లో ఎన్ని పోటీల్లో వాడతారన్నది చూడాలి.